తినూఒద్, కమతుఓరన్, రియలిదాద్: సెబువానోలో ‘నిజం’ అనడానికి ఏ మాట ఎప్పుడు?

ఫిలిప్పీన్స్ భాషల్లో ఒకటైన సెబువానో డిక్షనరీలో ‘ట్రూత్’ అని వెతికితే తినూఒద్, మతూఒద్, కమతుఓరన్ మూడూ కనిపిస్తాయి. ‘రియాలిటీ’ అని వెతికితే మళ్లీ కమతుఓరన్, దాని పక్కన స్పానిష్ నుంచి వచ్చిన రియలిదాద్. ‘రియల్’ అంటే తిరిగి తినూఒద్. ఇంగ్లీషు అర్థాలు పట్టుకుని వెళ్తే ఎక్కడ మొదలుపెట్టామో అక్కడికే వస్తాం. పైగా అక్కడి వాళ్లు రోజంతా వాడే బితావ్, లగీ, జుద్, కునో లాంటి మాటలు ఈ వెతుకులాటలో కనపడనే కనపడవు.

ఫిలిప్పీన్స్‌లో సెబూ, బోహోల్ దీవుల్లో, నెగ్రోస్ తూర్పు భాగంలో, లేతే దీవి పశ్చిమ, దక్షిణ ప్రాంతాల్లో, మిందనావ్‌లో చాలాచోట్ల ఈ భాషే నడుస్తుంది. మాతృభాషగా కోటిన్నర మందికి పైగానే మాట్లాడతారు. వాళ్లు దాన్ని సెబువానో అనడం కంటే బిసాయా అనడమే ఎక్కువ. దావో, సెబూ నగరాల మెడికల్ కాలేజీల్లో ఆంధ్ర, తెలంగాణ పిల్లలు చాలామంది ఉన్నారు కాబట్టి మనకు ఇది మరీ దూరపు భాషేం కాదు. క్లాసు ఇంగ్లీషులో నడిచిపోతుంది, వార్డులో మాత్రం పేషెంటు బిసాయాలోనే మాట్లాడతాడు. అక్కడి సంబంధం చేసుకున్నవాళ్లు, ఉద్యోగానికి వెళ్లినవాళ్లు, ఊరికే భాషల మీద ఆసక్తి ఉన్నవాళ్లు కూడా ఈ గైడు చదువుతారన్న ఉద్దేశంతోనే రాస్తున్నాను.

ముందు ఉచ్చారణ సంగతి. వాళ్ల ‘త’, ‘ద’ మన త, ద లాగే పళ్లకు తగులుతాయి. ఇంగ్లీషు స్పెల్లింగ్ చూసి ‘టినువోడ్’ అనకండి. తినూఒద్‌లో ‘నూ’కి, ‘ఒ’కి మధ్య గొంతు ఒక్క క్షణం ఆగుతుంది, వకారం దొర్లకూడదు. విశేషణాన్ని నామవాచకానికి కలిపే ‘ఙ’ అనే చిన్న మాట పలకడం ఇంగ్లీషు వాళ్లకు కష్టం. మనకు వాఙ్మయంలో ఆ ధ్వని ఉండనే ఉంది.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి?

మొదటిది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది: మీ మనసులో ఆ ‘నిజానికి’ ఎదురుగా ఏముంది? అబద్ధమా, నకిలీయా, తప్పా, కలా, సరదాకి అన్న మాటా, ఎవరో చెప్పగా విన్న కబురా? తెలుగులో వీటిలో చాలావాటికి ‘నిజం’ ఒక్కటే సరిపోతుంది. ‘నిజం చెప్పు’, ‘నిజమైన ముత్యం’, ‘కల నిజమైంది’, ‘నిజంగానే కొట్టుకున్నారు’ అంటాం. బిసాయాలో తినూఒద్ కూడా కొంతవరకు ఇలాగే సర్దుకుపోతుంది, కానీ అన్నిచోట్లా కాదు.

రెండోది సందర్భం. రోడ్డు మీద అనే మాట వేరు, అఫిడవిట్లో రాసే మాట వేరు, చర్చిలో వినపడే మాట వేరు. సత్యం, నిజం, వాస్తవం మధ్య తేడా తెలిసిన తెలుగువాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

మూడోది వాక్యంలో ఆ మాట చేసే పని. అవతలివాళ్ల మాటకు ఊఁ కొడుతున్నారా, అడుగుతున్నారా, లేక ‘సత్యం’ అనే దాని గురించే మాట్లాడుతున్నారా? ఊఁ కొట్టడానికి కమతుఓరన్ వాడితే, టీకొట్టు దగ్గర ‘తమరు సెలవిచ్చినది సత్యము’ అన్నట్టు ఉంటుంది.

| మాట | ఎదురుగా ఉండేది | ఇంగ్లీషులో | తెలుగులో దగ్గరిది | ఎక్కడ |
|---|---|---|---|---|
| తినూఒద్ | అబద్ధం, కొన్నిసార్లు నకిలీ | ట్రూ, రియల్, ట్రూత్ | నిజం | అన్నిచోట్లా |
| కమతుఓరన్ | అసత్యం, దాచిపెట్టిన సంగతి | ట్రూత్, ఫ్యాక్ట్ | సత్యం | రాత, ప్రసంగం, కోర్టు, చర్చి |
| రియలిదాద్ | కల, ఊహ | రియాలిటీ | వాస్తవం | చర్చ, వ్యాసం, చదువుకున్నవాళ్ల మాట |
| తినుఒరాయ్ | ఆట, సరదా, నటన | ఫర్ రియల్ | ఉత్తుత్తి కాదు | మాటల్లో |
| సక్తో, హుస్తో | తప్పు | కరెక్ట్, రైట్ | కరెక్టే, సరైనది | అన్నిచోట్లా |
| బితావ్, లగీ | అవతలివాళ్ల అనుమానం | ఇండీడ్ | అవును కదా, చెప్పానుగా | మాటలు, చాటింగ్ |
| కునో | స్వయంగా తెలిసిన సంగతి | రిపోర్టెడ్లీ | అట | మాటలు, వార్తలు |

## తినూఒద్: తెలియనప్పుడు ఇదే అనండి

ఒక్క మాటే నేర్చుకునే ఓపిక ఉంటే ఇది నేర్చుకోండి. ‘తినూఒద్ బ న?’ అంటే ‘అది నిజమేనా?’ ‘సుల్తిహీ కో స తినూఒద్’ అంటే ‘నాకు నిజం చెప్పు’. ‘తినూఒద్ ఙ ఇస్తోర్యా’ అంటే నిజంగా జరిగిన కథ. నామవాచకంగా, విశేషణంగా రెండు విధాలా నడుస్తుంది కాబట్టి వ్యాకరణంలో దెబ్బతినే అవకాశం తక్కువ.

కాదనాలంటే ‘దిలీ’ పెట్టాలి: ‘దిలీ న తినూఒద్’, అది నిజం కాదు. కొత్తవాళ్లు ఇక్కడ ‘వలా’ పెట్టేస్తుంటారు. వలా అంటే ‘లేదు’, దిలీ అంటే ‘కాదు’. ఇంగ్లీషులో రెండూ ‘నో’, ‘నాట్’ అంటూ కలిసిపోతాయి. మనం మాత్రం ‘నిజం లేదు’ అనకుండా ‘నిజం కాదు’ అనే అంటాం కాబట్టి తెలుగులో ఆలోచిస్తే ఇక్కడ తప్పు పోదు.

దీని మూలం తుఒద్. మధ్యలో ‘ఇన్’ చొప్పిస్తే తినూఒద్, ముందు ‘మ’ చేరిస్తే మతూఒద్. ఈ మతూఒద్ అర్థంలో తినూఒద్‌కి జంటే, కాకపోతే కాస్త పాతకాలపు, పుస్తకాల వాసన వేస్తుంది. పక్క భాష హిలిగైనోన్‌లో మాత్రం మామూలు మాట అదే. ఇలోఇలో, బకోలోద్ వైపు వెళ్తే మతూఒద్ ఎక్కువ వినపడుతుంది, సెబూలో తినూఒద్ చాలు. మూలపదం ఒంటరిగా వచ్చినప్పుడు వేరే రుచి: ‘ఆవ్, తుఒద్!’ అంటే ‘అరె, అవును కదూ!’ అని మరిచిపోయింది గుర్తొచ్చినప్పుడు అనే మాట. దాన్ని ‘నిజం’ అని అనువదిస్తే వాక్యం పాడవుతుంది.

క్రియగానూ మారుతుంది. ‘నతినూఒద్ అఙ్ అకోఙ్ దామ్గో’, నా కల నిజమైంది. మన ‘నిజమైంది’ తో అచ్చంగా సరిపోయే చోటు ఇది.

వార్డులో ఉండేవాళ్లకు ఒక హెచ్చరిక. ‘తినూఒద్ బ’ అని పేషెంటును అడగడం అంత మంచిది కాదు. మందు వేసుకున్నారా అని తెలుసుకోవాలంటే ‘నకఇనోమ్ న బ క స తంబాల్?’ అని మామూలుగా అడిగితే సరిపోతుంది. దానికి ముందు తినూఒద్ తగిలించారంటే ‘నిజంగానే వేసుకున్నావా?’ అని నిలదీసినట్టవుతుంది. తెలుగులో పెద్దాయన్ని ఎవరైనా అలా అడిగితే ఎంత నొచ్చుకుంటాడో అక్కడా అంతే. బిసాయాలో మన ‘మీరు’, ‘గారు’ లాంటి ఏర్పాటు లేదు, మనీలా వైపు మాట్లాడే తగలోగ్‌లో వాక్యానికి తగిలించే ‘పో’ కూడా ఇక్కడి అలవాటు కాదు. మర్యాదంతా పిలుపులో చూపించాలి: పెద్దవాళ్లయిన మగవాళ్లను నోఙ్, ఆడవాళ్లను నాఙ్, బాగా పెద్ద వయసు వాళ్లయితే తాయ్, నాయ్ అని పిలుస్తారు. దావోలో కుయా, ఆతె కూడా వినపడతాయి. ‘సకిత్ బ, నాఙ్?’ అంటే ‘నొప్పిగా ఉందా అక్కా?’ అన్నట్టు.

## కమతుఓరన్: బరువైన మాట, బరువున్న చోటే

మతూఒద్‌కి ముందు ‘క’, వెనక ‘అన్’ తగిలితే కమతుఓరన్. ‘ద్’ రెండు అచ్చుల మధ్య పడి ‘ర్’గా మారింది. ఆ మార్పు తెలియకపోతే ఈ మాటకీ తినూఒద్‌కీ చుట్టరికం ఉందనే తట్టదు.

‘లిసోద్ దవాతోన్ అఙ్ కమతుఓరన్’, సత్యాన్ని ఒప్పుకోవడం కష్టం. ఈ వాక్యంలో తినూఒద్ పెడితే అర్థం పోదు గానీ బరువు పోతుంది. బైబిలు సెబువానో అనువాదంలో ‘నేనే మార్గమును, సత్యమును, జీవమును’ అన్న చోట సత్యానికి వాడింది కమతుఓరన్. ఇప్పటికీ ఈ మాటలో ఆ పీఠం మీద నుంచి వచ్చే గొంతు వినిపిస్తుంది. 1901లో సెబూలో విసెంతే సొత్తో ‘అఙ్ సుగా’ అనే పత్రిక పెట్టాడు. పేరుకు అర్థం వెలుగు. ఆ తర్వాత కొద్దికాలానికే క్యాథలిక్కుల వైపు నుంచి ఒక పత్రిక వచ్చింది, దాని పేరు ‘అఙ్ కమతుఓరన్’. పత్రికకు పేరు పెట్టాల్సి వస్తే తినూఒద్‌ని పక్కన పెట్టి దీన్ని ఎంచుకున్నారంటేనే రెంటి మధ్య అంతస్తు తేడా అర్థమవుతుంది. స్పానిష్ పద్ధతిలో ఆ పేరును అప్పట్లో ‘కె’ బదులు ‘సి’తో రాసేవాళ్లు. పాత పత్రికలు వెతికేవాళ్లు అది గుర్తుంచుకోవాలి.

అనువాదకులకు ఇక్కడే అసలు చిక్కు. కమతుఓరన్ ‘ట్రూత్’కీ వస్తుంది, ‘ఫ్యాక్ట్’కీ వస్తుంది, అప్పుడప్పుడు ‘రియాలిటీ’కీ వస్తుంది. సెబువానో నుంచి తెలుగులోకి తెచ్చేటప్పుడు అన్నిటికీ సత్యం అని వేస్తే, పోలీసు కేసు వార్త కూడా ప్రవచనంలా తయారవుతుంది. వార్తలో వచ్చిన కమతుఓరన్‌కి చాలాసార్లు ‘అసలు జరిగింది’ అన్నదే సరైన తెలుగు.

ఈ కుటుంబంలోనే పమతుఒద్ ఉంది. రుజువు, సాక్ష్యం అని అర్థం. మీ మాట నిజమని ఒప్పించాలన్నది మీ ఉద్దేశమైతే మీకు కావాల్సింది కమతుఓరన్ కాకపోవచ్చు, పమతుఒద్ కావచ్చు.

## రియలిదాద్: కలకు ఎదురు నిలిచేది

స్పెయిన్ పాలన 1565లో సెబూలోనే మొదలై 1898 దాకా సాగింది. ఆ మూడు శతాబ్దాల్లో వచ్చి చేరిన మాటలు సెబువానోలో లెక్కలేనన్ని. రియలిదాద్ అలాంటిదే. ‘మావ్ న అఙ్ రియలిదాద్ స కినబూహీ’, జీవితంలో వాస్తవం అదీ. అబద్ధం చెప్పినవాడితో రియలిదాద్ గురించి మాట్లాడరు. ఆశలు ఎక్కువ పెట్టుకున్నవాడితో మాట్లాడతారు.

అచ్చ బిసాయా మాటే వాడాలని పట్టుబట్టేవాళ్లు ఇక్కడా కమతుఓరన్ రాస్తారు. నా ఓటు రియలిదాద్‌కే. కమతుఓరన్‌కి ఇప్పటికే మోయలేనంత పని ఉంది. రైలుని ధూమశకటం అనడం మానేసిన మనకు, స్పానిష్ మాట అని దీన్ని దూరం పెట్టాల్సిన అవసరం కనపడదు.

## తినుఒరాయ్, తినుద్-అనాయ్, మతినుద్-అనోన్

ఈ మూడూ వినడానికి ఒకేలా ఉంటాయి, అందుకే కలగాపులగం అవుతాయి. పిల్లలు ఆడుతూ ఆడుతూ కోపాల్లోకి దిగితే ‘తినుఒరాయ్ న ని’ అంటారు, అంటే ఇక ఇది ఆట కాదు, నిజంగానే. ‘తినుఒరాయ్ లాఙ్ త’ అంటే మొహమాటాలు వదిలేసి ఉన్నదున్నట్టు మాట్లాడుకుందాం అని. తినుద్-అనాయ్ మనస్ఫూర్తిగా, నిఖార్సుగా అన్న అర్థంలో వస్తుంది. ‘తినుద్-అనాయ్ ఙ గుగ్మా’ అంటే నికార్సయిన ప్రేమ. మతినుద్-అనోన్ మనిషికి చెప్పే గుణం: నిజాయితీపరుడు. మనిషిని పట్టుకుని తినూఒద్ అంటే ‘నిజం మనిషి’ అన్నట్టు అతకదు, మతినుద్-అనోన్ అనాలి.

వస్తువుల సంగతికొస్తే సెబూ నగరంలో కార్బన్ మార్కెట్ లాంటి చోట బేరమాడేటప్పుడు తినూఒద్ అన్నా అర్థం చేసుకుంటారు. కానీ అసలుదా నకిలీదా అని అడగడానికి కుర్రాళ్లు వాడేది ‘ఓరిగ్’, ఒరిజినల్‌కి పొట్టి రూపం. బంగారం స్వచ్ఛత గురించైతే లున్సాయ్. నకిలీకి మినీ, పేకె అనే మాటలున్నాయి. ఈ మినీ మన మినీ బస్సులో మినీ అనుకుని మురిసిపోకండి.

## సక్తో, హుస్తో: చాలామందికి అసలు కావాల్సినవి

‘మీరు చెప్పింది నిజమే’ అని తెలుగులో అన్నప్పుడు సగం సార్లు మన ఉద్దేశం ‘కరెక్టే’ అని. అలాంటప్పుడు ‘సక్తో క’ అనండి. డోసు సరిపోయిందా, అడ్రసు ఇదేనా, చిల్లర లెక్క కుదిరిందా, వీటన్నిటికీ సక్తో. హుస్తో కూడా అదే అర్థం, కానీ ‘హుస్తో న!’ అంటే ‘ఇక చాలు!’ పేషెంటుకు ఇంజెక్షన్ ఇస్తుంటే ‘హుస్తో న’ అన్నాడంటే మిమ్మల్ని మెచ్చుకున్నాడని అనుకోవద్దు. తామా కూడా వినపడుతుంది, ముఖ్యంగా తగలోగ్ కలిసిపోయే దావోలో.

## బితావ్, లగీ, జుద్, దియాయ్, కునో

నన్నడిగితే బిసాయాలో నిజం ఎక్కువగా బతికేది ఈ చిన్న మాటల్లోనే. పేరున్న మాటలు పది నేర్చుకుని ఇవి వదిలేస్తే పుస్తకం చదివినట్టు ఉంటుంది. తెలుగువాళ్లకు ఇవి ఇంగ్లీషు వాళ్లకంటే తొందరగా పట్టుబడతాయి, ఎందుకంటే మనం కూడా ఈ పని చిన్న చిన్న ముక్కలతోనే కానిచ్చేస్తాం.

జుద్ మన ఏకారం లాంటిది. తినూఒద్ అంటే నిజం, ‘తినూఒద్ జుద్’ అంటే నిజంగా నిజమే. రాతలో గ్యుద్ అనీ, పాతకాలపు శైలిలో గయుద్ అనీ కనపడుతుంది. చాటింగ్‌లో మాత్రం జుద్ అనే.

బితావ్ అంటే ‘అవునవును, నిజమేలే’. అవతలివాళ్లు అన్నదాన్ని ఒప్పుకోవడం. ఇంకో వాడుక ఉంది: కాసేపు జోకులేసుకుని, తర్వాత ‘బితావ్...’ అని మొదలుపెడితే ‘సరే, జోకులు పక్కన పెడితే’ అని. అన్నమాటను సరదాకి అన్నానని వెనక్కి తీసుకోవడానికి వాడే ‘చార్’ దీనికి పూర్తిగా ఎదురు.

లగీలో కొంచెం విసుగు కలిసి ఉంటుంది. ‘చెప్పానుగా’, ‘అదే కదా నేనంటున్నది’. పెద్దవాళ్ల దగ్గర, ప్రొఫెసర్ల దగ్గర చూసుకుని వాడండి. తగలోగ్ ముందే వచ్చినవాళ్లకు ఇక్కడ తికమక తప్పదు, ఆ భాషలో లగీ అంటే ‘ఎప్పుడూ’.

దియాయ్ కొత్తగా తెలిసిన సంగతికి. ‘మావ్ దియాయ్!’ అంటే ‘ఓహో, అదన్నమాట!’

కునో గురించి మనకు పాఠం అక్కర్లేదు, అది మన ‘అట’. ‘గిహిలన్తాన్ కునో సియా’, అతనికి జ్వరం వచ్చిందట. కేస్ హిస్టరీ రాసేవాళ్లకు ఈ ఒక్క ముక్క చాలా విలువైనది. పక్కనున్న బంతాయ్, అంటే మనం అటెండెంట్ అనేవాళ్లు, కునో అన్నారంటే వాళ్లు కళ్లారా చూడలేదు, ఎవరో చెప్పగా విన్నారు. అప్పుడు ఎవరు చూశారో అడగాలి. ఇంగ్లీషులోకి మార్చి రాసుకునేటప్పుడు ఈ ‘అట’ ఎగిరిపోతుంది, విన్నమాట కాస్తా చూసిన సంగతైపోతుంది.

## మీరెవరైతే ఏది?

మెడికల్ స్టూడెంట్లయితే సక్తో, కునో, జుద్ ముందు. తినూఒద్ వినడానికి నేర్చుకోండి, అడగడానికి తక్కువ వాడండి. కమతుఓరన్ మీకు వార్డులో దాదాపు అక్కర్లేదు.

అక్కడి ఇంటికి అల్లుడిగానో కోడలిగానో వెళ్తున్నవాళ్లు బితావ్, దియాయ్ బాగా పట్టుకోవాలి. భోజనాల దగ్గర పెద్ద పెద్ద వాక్యాలు చెప్పలేకపోయినా, సరైన చోట ‘బితావ్’ అంటే మీరు కబుర్లలో ఉన్నట్టే లెక్క. లగీ మీ జీవిత భాగస్వామితో అనండి, అత్తమామలతో వద్దు.

చర్చి పనిమీద వెళ్లేవాళ్లకు కమతుఓరన్ తప్పదు. దాంతో పాటు ‘స పగ్కతినూఒద్’ కూడా చెవిన పడుతుంది, మన తెలుగు బైబిల్లో ‘నిశ్చయముగా’ అనే చోట వచ్చేది. మామూలు మాటల్లో అదే పనికి ‘స తినూఒద్ లాఙ్’ అంటారు, ‘నిజం చెప్పాలంటే’ అని.

రాసేవాళ్లు, అనువదించేవాళ్లు డిక్షనరీ దగ్గర ఒక సంగతి గమనించాలి. జాన్ వుల్ఫ్ 1972లో వెలువరించిన సెబువానో విసాయన్ నిఘంటువు ఇప్పుడు ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్‌లో ఉచితంగా దొరుకుతుంది. అందులో ‘ఒ’, ‘ఎ’ అక్షరాలే వాడలేదు, అ ఇ ఉ మూడు అచ్చులతోనే రాశారు. కాబట్టి ‘ఒ’తో వెతికితే తినూఒద్ దొరకదు, ‘తినుఉద్’ అని వెతకాలి. అది కూడా మూలపదం ‘తుఉద్’ కింద చూడాలి. చాటింగ్‌లో స్పెల్లింగులు ఇందుకు పూర్తిగా భిన్నం: ఒకరు ‘యు ఓ’ పెడతారు, మరొకరు రెండు ‘ఓ’లు పెడతారు, లగీ చివర ఇంగ్లీషు ‘ఐ’ (i) బదులు ‘ఈ’ (e) అక్షరం వస్తుంది. పలికి చూసుకుంటే అన్నీ ఒకటే.